బొక్కసము తెరచి చూపిన బసవన్న



హైదరాబాదు నుండి బిజాపురము పోవు బాట మొయినాబాదు, చేవెళ్లల మీదుగా సాగుచున్నది. బసవేశ్వరుని జన్మస్థలమైన బాగేవాడి ఆ బిజాపుర సీమలోనిదే. ఈ రెండు ఊళ్లును 2025లో పురపాలక సంఘములైనవి.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల రక్షణకై 1996లో వెలువడిన 111వ జీవో 84 గ్రామములలో కట్టడములకు హద్దు విధించినది. ఆ ఆంక్షలను తొలగించుచు 2022లో వేరొక జీవో వచ్చినది. ఇట్టి సీమలో ఒక్క బాట, ఒక్క లేఅవుటు అనుమతి ఎకరము వెలను మార్చివేయును. సభలో కౌన్సిలరు ఎత్తిన చేయి ఊరి కొరకా, తన పొలము కొరకా?

బసవన్న బిజ్జలుని దండనాయకుడు, భాండారి. రాజధనము జంగమార్చనకు వ్యయమగుచున్నదని కొండెగాండ్రు చెప్పగా రాజు లెక్క అడిగెను. బొక్కసము తెరచి లెక్కింపగా కాసైనను తరుగలేదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము తెలుపుచున్నది. దీనిని మహిమగా కొనియాడుదుము. ఇందు నీతియు కలదు. భక్తుడనుట లెక్క చూపకుండుటకు సాకు గాదు.

కావున తన భూమిగాని, సోదరుని గుత్తపనిగాని చర్చకు వచ్చినపుడు కౌన్సిలరు ముందుగా ఆ సంగతి చెప్పి, మినిట్సులో వ్రాయించి, సభ వెలుపలికి పోవలెను.

“మనవాడు గెలిచెను, మన మఠము స్థలమునకు పని జరుగును” అనుకొను భక్తులకును ఇదే బోధ. మఠము విషయము వచ్చిననాడు మనవాడే మొదట లేచి వెలుపలికి పోవలెను. ఓటు వేయుట కాయకమైనచో, వేయరానిచోట మానుటయు కాయకమే.