ఇంటిలో కాయకమునకు చోటు

ధర్మవరమున పట్టుచీరలు నేయు గృహస్థునకు ఇల్లనగా నిదురకు నీడ మాత్రమే కాదు, గుంటమగ్గమునకు నెలవు. గుంటలో వాననీరు చేరినచో పని నిలుచును, కూడును నిలుచును. 2020 డిసెంబరు 25న ఆరంభమైన ప్రభుత్వ పథకమున పట్టణములందలి పేదలకు ఒక సెంటు, అనగా 48.4 చదరపు గజముల స్థలము నిర్ణయింపబడెను. అంత చోట మగ్గమును నిలుపవలెనా, ముందుగదిని తీర్చవలెనా?

బంధువులు మెచ్చు ముఖద్వారమునకై అప్పు చేయువారు హిందూపురమునను గలరు. మెచ్చినవారు వడ్డీ కట్టరు! 1565 పిమ్మట విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండలో గగనమహలు నేడు కాపురము లేకయే నిలిచియున్నది.

శరణుల మార్గమున కాయకము లేని దాసోహము లేదు. మగ్గమును వెలికి నెట్టిన ఇంట, జంగముడు వచ్చిన వేళ వడ్డించునదేమి? కనుక మగ్గపుగది ముందు, గోడల సున్నము తరువాత. ఆ ఇరుకు ఇల్లాలికి కష్టమే. కండెలు చుట్టునదియు తరచుగా ఆమెయే గదా. అడ్డుగోడ యెక్కడ లేపవలెనో ముందుగా ఆమెనే అడుగవలెను.