వృద్ధసేవయు వైద్యవిద్యయు

ఒక విద్య తన విజయమును దేనితో కొలుచుకొనునో తెలిసినచో, అది యెవరిని మరచిపోవునో కూడ తెలియును. వైద్యవిద్య తన విజయమును రోగనివారణముతో కొలుచుకొనుచున్నది. జ్వరము తగ్గి లేచినవాడును, శస్త్రచికిత్స పొంది యింటికి నడచిపోయినవాడును దాని కీర్తికి సాక్షులు. మరి యెనుబది యేండ్ల వృద్ధుని మాట యేమి? అరిగిన మోకాళ్లు తిరిగి యువకుని మోకాళ్లు కావు. జ్ఞాపకము జారిపోయిన తల్లికి దానిని తెచ్చి యిచ్చు మందు నేటికిని లేదు. పూర్తిగా నయము చేయజాలని వీరికి వైద్యుడు బాకీపడి యున్నాడా? పడియున్నచో ఆ బాకీ దయతో తీరునా, లేక దానికి వేరొక చదువు కావలెనా? ఈ ప్రశ్నను చదువరులతో కలిసి విచారించుటయే మా యుద్దేశము.

మేము నివసించు పెదవేగి ప్రాంతమున ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వరకును, దిగువను కొల్లేటి లంకల వరకును ఏ యూరికి పోయినను, పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో యుండగా, పెద్ద లోగిళ్లలో ముసలివారు ఒకరో యిద్దరో మిగిలిన యిండ్లు కనబడును. కాలుచేతులు ఆడినంతకాలము వారు ఇంటనే గడుపుదురు. ఒకనాడు స్నానాలగదిలో జారిపడుటయో, పొయ్యి ఆర్పుట మరచుటయో సంభవించును. అప్పుడు బంధువులలో నెవరో వృద్ధాశ్రమము మాట యెత్తుదురు. దీనికి పిల్లలను తిట్టి యూరకుండుట సులభము. గాని తిట్టుటవలన ఏ ముసలివాని పుండును మానదు.

ఇచ్చట ఒక మాటను పరిశీలింపవలెను. అమెరికా మున్నగు దేశములలో నర్సింగ్ హోమ్ అనగా తమ పనులు తాము చేసికొనలేని వృద్ధులు నివసించి సేవ పొందు గృహము. మన పట్టణములలో నర్సింగ్ హోమ్ అనగా కాన్పులును ఆపరేషనులును జరుగు చిన్న ఆసుపత్రి. మాట యొక్కటే, వస్తువులు రెండు. ఆ రెంటి నడుమనే మనకు లోపించినది కనబడుచున్నది. మన నర్సింగ్ హోములో వైద్యు డుండును గాని వృద్ధుడు నాలుగు దినములకు మించి యుండడు. మన వృద్ధాశ్రమములో వృద్ధుడు తుదివరకు నుండును గాని వైద్యుడు తరచుగా ఏ పదునైదు దినములకో ఒకసారి వచ్చిపోవువాడే.

అట్లు వచ్చు వైద్యుడు చెడ్డవాడు కాడు. పెక్కుచోట్ల ఉచితముగనే వచ్చును. వరుసగా బి.పి. చూచును, షుగరు చూచును, పాత చీటీలోని మందులనే మరల వ్రాయును. "నిద్ర పట్టటంలేదు బాబూ" అన్న మామ్మగారికి ఒక నిద్రమాత్ర చేర్చును. "లేచి నిలబడితే తల తిరుగుతోంది" అన్న తాతగారికి, "వయసొచ్చింది గదండీ, సర్దుకోవాలి" అని చెప్పును. ఈ కడపటి మాటను గూర్చియే మా ఫిర్యాదు. అది ఓదార్పువలె వినబడును. నిజమునకు అది పరీక్ష మానుకొనుటకు దొరికిన సాకు. వయస్సు ఏ రోగమునకును పేరు కాదు. ఆ తల తిరుగుట రక్తపోటు మాత్ర హెచ్చగుటవలన కావచ్చును. పండుకొన్నప్పు డొకసారి, లేచి నిలిచినప్పు డొకసారి బి.పి. చూచినచో అది బయటపడును. చూడవలెనని తెలిసినవాడే చూచును.

వృద్ధుని శరీరము యువకుని శరీరమువలె మాటలాడదు. న్యుమోనియా పట్టినను ముసలివారికి ఒక్కొక్కప్పుడు జ్వరమే రాదు. నిన్నటివరకు తెలివిగా మాటలాడిన మనిషి నేడు సంధి పుట్టినట్లు పలవరించుట యొక్కటే గుర్తుగా నుండును. దానిని చూచి మతి పోయినదని మూల కూర్చుండబెట్టినచో, కుదురదగిన రోగమే ప్రాణము తీయును. నలుగురు వైద్యులు నాలుగు చీటీలలో వ్రాసిన మాత్రలు ఒకే కడుపులో కలియును. యువకునకు మేలుచేసిన నిద్రమాత్రయే వృద్ధుని రాత్రివేళ పడద్రోసి తుంటియెముక విరుగగొట్టవచ్చును. వృద్ధుల కీయదగని మందుల పట్టికను 1991లో అమెరికాలో మార్క్ బీర్స్ అను వైద్యుడును అతని సహచరులును సిద్ధపరచినది నర్సింగ్ హోములలోని వారి కొరకే. కుర్చీలోనుండి లేచి, మూడు మీటర్లు నడచి, వెనుకకు మరలి వచ్చి కూర్చుండుమని చెప్పి గడియారము చూచినచో, నడకలో తడబాటు ఎవరికి హెచ్చుగా నున్నదో తెలియును. దీనికి కుర్చీయు గడియారమును చాలును. చెవిలోని గుబిలి తీయగనే, చాదస్తమనుకొన్నది చెముడని తేలుట కలదు. మంచము పట్టినవారిని వేళతప్పక ప్రక్కలకు త్రిప్పనిచో వీపున పుండ్లు పడును. తెలిసినవానికి ఇవి చిన్న సంగతులు. తెలియనివాని చేతిలో చావుబ్రతుకులు.

మన పూర్వులు ముసలితనమును తలపనే లేదని చెప్పరాదు. ఆయుర్వేదపు అష్టాంగములలో జరాచికిత్స యొకటి. రసాయనతంత్రమని దానికే పేరు. అయినను దాని తలంపు ముఖ్యముగా ముసలితనమును దూరముగా నుంచుట, వచ్చినదానిని మరల్చుట. చ్యవనమహర్షి కథ యెల్లరు నెరిగినదే. దేవవైద్యులైన అశ్వినులు వృద్ధుడైన చ్యవనుని యువకుని జేసిరి. చ్యవనప్రాశకు ఆయన పేరే పెట్టిరి. యయాతి తన ముసలితనమును కుమారునకు బదలాయించెను. ఒక కథలో జర తొలగినది, మరొకదానిలో చేతులు మారినది. జరతో నున్నవానిని జరతోనే సుఖముగా నుంచు వైద్యుడు రెండింటిలోను లేడు. అశ్వినులు రాకముందు చ్యవనుని కనిపెట్టుకొని యున్నది సుకన్య. ఆ సేవకు శాస్త్రము లేదు, జీతము లేదు, సెలవు లేదు. నేటికిని మన యిండ్లలో ఆ భారము కోడలిమీదనో కూతురిమీదనో పడుచున్నది. వైద్యుడు అశ్వినులవలె అద్భుతము చేయుటకు వచ్చును. అద్భుతమునకు తావులేనిచోట సెలవు పుచ్చుకొనును.

ఈ యలవాటును మార్చినవారు లేకపోలేదు. 1935లో లండనులోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జొరీ వారెన్ అను వైద్యురాలికి, ప్రక్కనున్న బీదలశాలలోని ఏడువందలమందికి పైబడిన రోగులు అప్పగింపబడిరి. వారిలో పెక్కురు వృద్ధులు, ఏండ్లతరబడి మంచములకు అంటుకొని యున్నవారు. ఆమె చేసిన మొదటి పని ఒక్కొక్కరిని పరీక్షించుట. అంతట పలువురు లేచి నడచిరి. కొందరు ఇండ్లకు మరలిరి. వారిని మంచమునకు కట్టినది రోగము మాత్రమే కాదు, ఎవరును పరీక్షింపకపోవుట కూడ. హాలండు దేశము 1990లో నర్సింగ్ హోము వైద్యమును ప్రత్యేక శాఖగా గుర్తించెను. అందు శిక్షణ పొందినవాడు ఆ గృహములోనే కొలువుండి పనిచేయును. మనకు సమీపమున మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ వి. ఎస్. నటరాజన్ గారు 1978లో వృద్ధులకై ప్రత్యేక వైద్యము నారంభించిరి. 1996లో మద్రాసు వైద్యకళాశాలలో ఆ శాస్త్రమున ఎం.డి. పట్టము మొదలయ్యెను. 2010-11లో ఆరంభమైన జాతీయ వృద్ధారోగ్య కార్యక్రమమునకు తొలుత ఎన్నుకొన్న యెనిమిది ప్రాంతీయ కేంద్రములలో మన తెలుగునేల కొక్కటియు దక్కలేదు.

తల్లిదండ్రుల పోషణమును గూర్చి 2007లో వెలసిన చట్టము, ప్రతి జిల్లా ఆసుపత్రిలోను వృద్ధులకు ప్రత్యేక వసతి యుండవలెననియు, దానికి వృద్ధవైద్యమున అనుభవము గల వైద్యాధికారి పెద్దగా నుండవలెననియు చెప్పుచున్నది. మంచిదే. ఆ యనుభవమును అతడు ఎక్కడ సంపాదింపవలెను? చట్టము వైద్యుని కోరగలదు గాని తయారుచేయలేదు. 2019లో మారిన వైద్యపాఠక్రమమున వృద్ధవైద్యమునకు చోటు కలిగినమాట నిజము. గాని పెద్ద ఆసుపత్రి వార్డులో విద్యార్థి చూచునది జబ్బుపడిన వృద్ధుని. జీవించుచున్న వృద్ధుని చూడవలెనన్నచో అతడు నివసించు తావునకు పోవలెను.

దీనికి మూడు ఆక్షేపణలు వినబడుచున్నవి. వృద్ధాశ్రమములలో మంచి వైద్యము కలిగినచో బిడ్డలు తల్లిదండ్రులను మరింత సులువుగా దిగవిడుతురని మొదటిది. మంచి కట్టు కట్టువాడు దొరకునని యెవరును కాలు విరుగగొట్టుకొనరు. పైగా ఆ యాశ్రమములలో బిడ్డలు లేనివారును, బిడ్డలను పోగొట్టుకొన్నవారును కలరు. అచ్చట నేర్చిన వైద్యుడు రేపు మన యింటి ముసలివారికిని పనికివచ్చును.

ప్రేమ యుండవలెను గాని చదువెందుకని రెండవది. పండుకొనియున్న తల్లి నోట ప్రేమతోనే గంజి పోయుదురు. అది పొరపోయి ఊపిరితిత్తులలో దిగును. ప్రేమ చేయి చాచును. ఎట్లు చాచవలెనో చదువు చెప్పును.

మూడవది పైకి చెప్పుటకు సిగ్గుపడుదురు గాని మిక్కిలి బలమైనది: ముందు బ్రతుకవలసిన పిల్లలుండగా, బ్రతుకు ముగిసినవారికి ఇంత వెచ్చమేల? పైని చెప్పినవానిలో అధికభాగమునకు వెచ్చమే లేదు; అక్కరలేని మాత్రలు మాన్పించుటవలన డబ్బు మిగులును గూడ. అంతకంటె లోతైన సమాధానము మా పెదవేగిలోనే కలదు. ఇచ్చట 1995లో పామాయిల్ పరిశోధన కేంద్రము వెలసినది. ఆ చెట్టుకు వచ్చు ప్రతి తెగులును ఎరిగిన విద్వాంసులు అందు కలరు. చెట్టు ముప్పది యేండ్లకు దగ్గరపడి, గెల చేతి కందనంత యెత్తు పెరిగి, దిగుబడి తగ్గినప్పుడు, దానిని తీసివేసి క్రొత్త మొక్క నాటుట న్యాయమే. చెట్టును మనము దిగుబడికై పెంచితిమి. మనిషి మరియొకరి దిగుబడికై పుట్టలేదు. మిగిలిన యేండ్లను లెక్కించి చికిత్సను తూచుట తోటమాలి ధర్మము కావచ్చును గాని వైద్యుని ధర్మము కాదు.

ఇక చేయదగినది. ఏలూరులో ఆశ్రమ్ అని పిలువబడు అల్లూరి సీతారామరాజు వైద్యకళాశాల యున్నది. 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్యకళాశాలయు తెరువబడినది. వైద్యవిద్యార్థులు పల్లెలలోని కుటుంబములను దత్తత తీసికొని చదువుకాలమున వారి యారోగ్యమును కనిపెట్టు పద్ధతి 2021-22 తరగతితో దేశమున మొదలైనది. ఆ పద్ధతిలోనే ప్రతి విద్యార్థికి వృద్ధాశ్రమములోని ఒక వృద్ధుని గూడ అప్పగింపవలెను. నెల కొకసారియైనను ఆ మనిషినే చూడవలెను. మందుల సంచి విప్పి, ఏ మాత్ర యెందుకో తెలిసికొనవలెను. మనిషిని నొప్పి కలుగకుండ ఎట్లు లేవదీయుదురో ఆయాను అడిగి నేర్వవలెను. ఆ విద్యలో ఆమెయే గురువు. "మీకు ఏం కావాలండీ?" అని వృద్ధునే అడుగవలెను. ఒకరికి గుడివరకు నడచిన చాలును. ఒకరికి పేపరు చదువుకొనిన చాలును. మరల ఆసుపత్రికి తీసికొనిపోకున్న చాలునను వారును ఉందురు. ఆ వృద్ధుని తుదిఘడియలు సమీపించినప్పుడు ప్రక్కన కూర్చుండుట గూడ పాఠమే. "ఇది నయం కాదు, నేను మాత్రం వస్తూనే ఉంటాను" అని అబద్ధము లేకుండ, చేయి విడువకుండ చెప్పుట నేర్చినవానినే మేము పూర్తిగా చదివిన వైద్యు డందుము. దీనికి పరీక్షయు మార్కులును ఉండవలెను. మార్కులు లేని పాఠమును విద్యార్థులు ఎట్లు చూతురో ఉపాధ్యాయులమైన మాకు తెలియును.

కళాశాలలు కదలువరకు గృహస్థులు చేయదగినదియు కలదు. ఇంటనున్న పెద్దల మాత్రలన్నిటిని ఒక్క సంచిలో వేసి వైద్యుని ముందు కుమ్మరింపుడు. ఆయన "వయసొచ్చింది గదండీ" అన్నప్పుడు, "వయసు సరేనండీ, కారణ మేమిటి?" అని మర్యాదగా మరల నడుగుడు. బహుశః ఆయన క్షణకాలము ఆగి, తాతగారిని లేచి నిలువుమని చెప్పి, బి.పి. మరియొకసారి చూచును.