పూడిన బావులను తిరిగి త్రవ్వుదాము

వాక్యభాగము: ఆదికాండము 26:12-22



ఇస్సాకు కూడ మనవలె వలస వెళ్లినవాడే. కరవు వచ్చినందున గెరారునకు వెళ్లి అక్కడ పరదేశిగా నివసించెను. తన తండ్రి కాలమునాటి బావులు మన్నుతో పూడ్చబడియుండగా వాటిని తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లనే పెట్టెను.

ఈ భాగమును ధ్యానించునప్పుడు రాజస్థాన్‌లోని ఆల్వార్ జిల్లాలో పారే ఆర్వరీ నది నాకు జ్ఞాపకమునకు వస్తుంది. పూర్వము అక్కడి రైతులు మట్టికట్టలు వేసి వాననీటిని నిలిపేవారు. వాటిని జోహడ్‌లు అంటారు. మన కుంటల వంటివి. కాలక్రమమున కొండలమీది చెట్లను నరికివేశారు. జోహడ్‌లు పూడిపోయాయి. పడిన వాన నిలువక మట్టిని కోసుకొని పోయింది. బావులు ఎండాయి, నదియు ఎండింది. యౌవనస్థులు కూలికి పట్టణములకు పోయారు.

1985లో తరుణ్ భారత్ సంఘ్ కార్యకర్త రాజేంద్ర సింగ్ కొందరు స్నేహితులతో అక్కడికి వెళ్లారు. వైద్యము, చదువు అందించవలెనని వారి ఉద్దేశము. ఊరి పెద్ద ఒకాయన, ముందు నీళ్ల సంగతి చూడుమన్నాడు. గోపాల్‌పురాలో పూడిన జోహడ్‌ను త్రవ్వసాగారు. వాన పడినప్పుడు నీరు నిలిచింది, బావులు ఊరాయి. అది చూచి నది పుట్టుచోటనున్న భావ్తా-కొల్యాలా గ్రామస్థులు, తరువాత దిగువ ఊళ్లవారు శ్రమదానముతో కట్టలు వేసుకున్నారు.

ప్రియులారా, గమనించండి. నదిని ఎవరూ త్రవ్వలేదు. కట్టల వెనుక నిలిచిన నీరు భూమిలోనికి ఇంకి, మెల్లగా ఊటలై నదిలో చేరింది. 1995 నాటికి ఆర్వరీ ఏడాది పొడవునా పారింది. రాజేంద్ర సింగ్‌కు 2015లో స్టాక్‌హోమ్ జల బహుమానము లభించింది.

అయితే నీరు వచ్చినచోట తగవు కూడ వస్తుంది. ఇస్సాకు త్రవ్విన బావులకొరకు గెరారు కాపరులు జగడమాడిరి. అతడు పోరాడక మరియొకటి త్రవ్వించెను. చివరకు రహెబోతు, అనగా విశాలస్థలము దొరికెను. ఆర్వరీ తీర గ్రామములవారు సుమారు 70 ఊళ్ల ప్రతినిధులతో 1990ల చివర నదీ సభను ఏర్పరచుకొన్నారు. చెరకు, వరి వంటి ఎక్కువ నీరు కోరే పంటలు వేయకూడదని కట్టుబాటు చేసుకొన్నారు. త్రవ్వుటకంటె పంచుకొనుట కష్టము.

ఎగువ ఊరి రైతు మోసిన మట్టితట్ట దిగువ ఊరి బావిలో నీరైనది. ఆ దిగువ ఊరివాడు అతనికి చుట్టము కాకపోవచ్చును. మనమో, తరాలుగా ఇక్కడ నివసించుచు, ఇక్కడి నీళ్లు త్రాగుచు, “ఇది మన ఊరు కాదు గదా” అనుకొందుము. వీధి చివర చెరువు చెత్తతో పూడుచుండగా చూచియు తొలగిపోవుదుము. ఇస్సాకు పరదేశములోనే త్రవ్వెను. అక్కడనే దేవుడు అతనిని ఆశీర్వదించెను.

ఈ వేసవిలో మీ సంఘము పార పట్టునా? మీ పొరుగువారితో కలిసి ఒక్క గుంటయైనను పూడిక తీయుడి. వాన కురిపించువాడు దేవుడు. దానిని నిలుపుకొను పని ఆయన మనకు అప్పగించెను. ప్రభువు మన చేతుల పనిని ఆశీర్వదించును గాక. ఆమేన్.