రైక్వుడి ఫీజు

విద్యకు డబ్బు తీసుకోవడం తప్పని ఉపనిషత్తులు అంటాయా? అంటాయని చాలామంది అనుకుంటారు. ఛాందోగ్యంలోని జానశ్రుతి కథ వాళ్లకు మింగుడుపడదు.

జానశ్రుతి గొప్ప దాత. అందరూ తన అన్నమే తినాలని నలుదిక్కులా సత్రాలు కట్టించాడు. ఒక రాత్రి ఎగురుతూ పోతున్న హంసలు, బండి రైక్వుడనే జ్ఞాని ముందు ఇతనెంత అని మాట్లాడుకోవడం అతని చెవిన పడింది. తెల్లారగానే రైక్వుణ్ణి వెతకమని మనిషిని తరిమాడు. రైక్వుడు బండి కింద గజ్జి గోక్కుంటూ కనిపించాడు. ఆరు వందల ఆవులు, హారం, కంచరగాడిదల రథం ఇస్తానంటే కసిరి పంపేశాడు. ఆవుల్ని వెయ్యి చేసి, ఊరినీ కూతురినీ కలిపి ఇస్తానంటే ఒప్పుకుని సంవర్గ విద్య అనే ఉపాసన చెప్పాడు. (కూతురి మాట దగ్గర మా ఆదివారం క్లాసు ఆడపిల్లలు నన్ను నిలదీస్తారు. నిలదీయాల్సిందే.)

కాబట్టి ఫీజు పాపం కాదు. నన్ను కలవరపెట్టేది హంసలు. జానశ్రుతి దుఃఖంతో పరుగెత్తుకొచ్చాడని శంకరులు వ్యాఖ్యానించారు. పక్కవాడు తనకంటే ఎక్కువన్న దుఃఖం. మా న్యూజెర్సీలో ఆ హంసలు వాట్సాప్ గ్రూపుల్లో వాలతాయి: ఫలానావాళ్ల అబ్బాయి ఈ సమ్మర్ హార్వర్డ్‌లో ఉన్నాడట.

మొన్న ఒకావిడ క్లాసయ్యాక ఆగి, "అక్కా, మా పిల్లని పంపమంటారా? రెండు వారాలకే ఐదు వేల డాలర్లు దాటుతోంది" అంది. కాలేజీ క్యాంపస్‌లలో హైస్కూలు పిల్లల కోసం పెట్టే ఈ వేసవి ప్రోగ్రాముల్లో చేరినంత మాత్రాన రేపు ఆ కాలేజీలో సీటు రాదు. కొన్నిటికైతే కాలేజీతో ఉన్న చుట్టరికం క్యాంపస్ అద్దె వరకే, నడిపేది బయటి కంపెనీ. మరోవైపు, 1984లో మొదలైన రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే వేసవి ప్రోగ్రాములో చదువూ బసా భోజనమూ ఉచితం. సీటు దొరకడమే కష్టం. అలాగని ఉచితమైనదే మంచిదనీ అనలేం. 1957 నుంచి నడుస్తున్న రాస్ గణిత శిబిరం ఫీజు తీసుకుంటుంది, స్తోమత లేనివాళ్లకు సాయమూ చేస్తుంది. అక్కడ పిల్లలు వారాల తరబడి సంఖ్యా సిద్ధాంతంతో కుస్తీ పడతారు, నిరూపణలు తామే రాసుకుంటారు. దానికి ఇచ్చే డబ్బును నేను తప్పుపట్టను.

జానశ్రుతిని తరిమింది అసూయే కావచ్చు. రైక్వుడి ఎదుట నిలబడ్డాక మాత్రం అతను అడిగింది సరైనదే: నువ్వు ఉపాసించే దేవత ఎవరో నాకు చెప్పు అన్నాడు. రైక్వుడి పేరు చెప్పుకుని తిరగనివ్వమని అడగలేదు.

అందుకే ఆవిడతో అన్నాను: "సర్టిఫికెట్ ఇవ్వకపోయినా వెళ్తావా అని పిల్లనే అడగమ్మా."

అడిగిందట. ఆ పిల్లకి సముద్ర జీవుల పిచ్చి, క్యాంపస్ ఏదైనా ఒకటే. అలాంటప్పుడు పాఠం చెప్పేదెవరో, ల్యాబ్ ఉందో లేదో, స్కాలర్‌షిప్ ఇస్తారో లేదో కనుక్కోమన్నాను. క్రెడిట్ కార్డు మీద అప్పు చేసేటట్లయితే వద్దనే అన్నాను. మన కౌంటీ కాలేజీలో వేసవి బయాలజీ కోర్సు ఆ ఖర్చులో చిన్న వంతుకే వస్తుంది, సాయంత్రానికి పిల్ల ఇంటికొచ్చేస్తుంది. పిల్ల సరేనంది. తల్లి ఇంకా ఆలోచిస్తోంది.