టర్నర్ సున్నా, అమ్మ పుట్టినరోజు

అమీర్‌పేటలో ఎస్‌క్యూఎల్ చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. నా సంచిలో ఎప్పుడూ రెండు చిన్న పుస్తకాలుంటాయి. ఒకటి పిల్లలకి జిరాక్సు తీయించి ఇచ్చే డేటాబేసు కమాండ్ల గైడు. రెండోది నాన్నది, తెలుగు తాత్పర్యంతో ఉన్న తర్కసంగ్రహం. నాన్న హైస్కూల్లో తెలుగు పండితులు.

రెండూ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం రాసినవే. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు ఈ తర్కసంగ్రహంలో లోకాన్నంతా ఏడు పదార్థాల కింద సర్ది పెట్టాడు. ఏడోది అభావం. లేకపోవడం కూడా లెక్కకొచ్చే పదార్థమేనన్నమాట. మా గైడులో దాని పేరు నల్.

ఆ పేజీ దగ్గర నేను రెండు రోజులు ఆగుతాను. ఒరాకిల్ నేర్చుకున్నవాళ్లకి ఎంప్ టేబుల్ పరిచయమే. పద్నాలుగు మంది ఉద్యోగులు. నలుగురు సేల్స్‌మెన్‌కి కమీషన్ గడిలో అంకె ఉంటుంది: 300, 500, 1400, టర్నర్‌కి 0. మిగతా పదిమందికీ ఖాళీ. సగటు కమీషన్ అడిగితే 550 వస్తుంది, ఎందుకంటే ఖాళీలను వదిలేసి నలుగురితోనే భాగిస్తుంది. ఖాళీల్లో సున్నా పెట్టి అడిగితే 157 చిల్లర. టర్నర్‌ది కమీషన్ ఉన్న ఉద్యోగం, చేతికి మాత్రం ఏమీ రాలేదు. గుమాస్తాకి ఆ లెక్కే లేదు. ఇద్దరికీ ఒకే సున్నా వేస్తే గుమాస్తా గురించి అబద్ధం చెప్పినట్టే.

తర్వాత, ఎవరికీ మేనేజరు కానివాళ్లని చూపించమంటాను. పిల్లలు నాట్ ఇన్ పెట్టి రాస్తారు. ఎనిమిది మంది రావాలి, ఒక్కరూ రారు. కారణం కింగ్. ఆయన ప్రెసిడెంటు, పైన ఎవరూ లేరు, మేనేజరు గడి ఖాళీ. ఆ ఖాళీతో పోల్చేసరికి జవాబు ‘తెలియదు’ అయిపోతుంది. నిజమని తేలిన వరసలే తెర మీదికి వస్తాయి.

“మేడమ్, కింగ్ పైన ఎవరూ లేరని మనకి తెలుసు కదా, మరి తెలియదంటుందేంటి?” అని మొన్న ఒకమ్మాయి అడిగింది. నాన్న ఉంటే ఆ పిల్లని ఇంటికి తీసుకురమ్మనేవారు.

తర్కం లెక్కన చూద్దాం. నేల మీద కుండ లేదన్నామనుకోండి. లేనిది కుండ, అది ప్రతియోగి. లేని చోటు నేల, అది అధికరణం. మన టేబుల్లో కాలమ్ ప్రతియోగి, వరస అధికరణం. ఇంతవరకూ ఇబ్బంది లేదు. అయితే నాన్న ఇంకో మాట అనేవారు: “దీపం వెలిగించాకే లేదనాలమ్మా.” ఉంటే కనబడి తీరాల్సిన చోట కనబడకపోతేనే అది అభావం. చీకటి గదిలో కుండ కనబడలేదంటే తెలిసేది చీకటి సంగతే. కింగ్ గడి దీపం పెట్టి చూసిన ఖాళీ. ఫోన్ నంబరు చెప్పని ఖాతాదారు గడి చీకటి. నల్ రెంటినీ ఒకే గాటన కట్టేసింది. 1970లో రిలేషనల్ మోడల్‌ని లోకానికిచ్చిన కాడ్, 1990 నాటి తన పుస్తకంలో తెలియని ఖాళీకి ఒక గుర్తు, వర్తించని ఖాళీకి ఇంకో గుర్తు ఉండాలన్నాడు. ఎస్‌క్యూఎల్ మాత్రం ఒక్క నల్‌తోనే కాలక్షేపం చేస్తోంది.

దేవుడు కనబడడు కాబట్టి లేడనేవాళ్లకి న్యాయశాస్త్ర పండితుడు ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈ దారినే జవాబిచ్చాడు: కంటికి ఆనే యోగ్యతే లేనిదాన్ని కనబడలేదని కొట్టెయ్యడం కుదరదు. ఆయన అక్కడ ఆగలేదు, అనుమాన ప్రమాణంతో ఈశ్వరుణ్ణి సాధించాడు. నేను అక్కడే ఆగిపోతాను. నా దేవుడి గడి ఖాళీ. అందులో సున్నా వెయ్యను, అంకె వెయ్యను. సాయంత్రం దీపం మాత్రం పెడతాను.

ఇంకో ఖాళీ గడి అమ్మది. ఆరుద్ర కార్తెలో పుట్టింది. ఏ ఏడో ఎవరికీ గుర్తులేదు. గుర్తింపు కార్డు రాయించిన రోజు, తేదీ లేకపోతే కంప్యూటరు ముందుకు కదలదన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఉజ్జాయింపుగా ఒక ఏడు వేసి, జనవరి 1 కొట్టాడు. తొలకరి వానల్లో పుట్టిన మనిషి సంక్రాంతి చలిలో పుట్టినట్టయింది. తెలియని ఏడు నింపబోయి తెలిసిన కార్తెని పోగొట్టారు. కుర్రాణ్ణి అని లాభం లేదు. ఆ కాలమ్‌కి నాట్ నల్, అంటే ఖాళీ వదలకూడదు, అని పెట్టినవాళ్లు నాలాంటివాళ్లే. నేనూ ఎన్ని పెట్టానో.

ఈ బ్యాచ్ నుంచి గైడు చివరి పేజీలో ఒక వాక్యం చేత్తో రాసి జిరాక్సుకిస్తున్నాను: నాట్ నల్ అని రాసేముందు, ఆ సంగతి నిజంగా తెలియనివాళ్లు ఎవరైనా వస్తారేమో ఒక్కసారి ఆలోచించండి.