నిశ్శబ్దమునకు ప్రతియోగి

నిశ్శబ్దమనునది యొక పదార్థమా, లేక పదార్థమొకటి లేకపోవుట మాత్రమేనా యను ప్రశ్న మన తార్కికులకు క్రొత్తది కాదు. కుండ లేని నేలను చూచినవాడు నేలను మాత్రమే చూచెనా, నేలతోపాటు కుండ లేమిని గూడ చూచెనా యని శతాబ్దముల తరబడి వాదించిన ఆ మేధావులు, శబ్దము లేకుండుట చెవికెట్లు తెలియునను విషయమును గూడ విడిచిపెట్టలేదు. ఆ వాదమునకు నేటి కాలమున ప్రత్యక్షోదాహరణము కావలయునన్నచో, అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఒక పికప్ ట్రక్కు యజమాని గారేజిలో వెదకుట మేలని నా యభిప్రాయము. అచ్చట తలుపుల లోపలి ప్యానెళ్ళు విప్పి, సీట్లు బయటపెట్టి, కార్పెట్టు తొలగించి, నేలరేకుపై మోకాళ్ళూని కూర్చున్న మనుష్యుడు పరస్పర విరుద్ధములుగా కనబడు రెండు పనులను ఏకకాలమున చేయుచుండును. బయటి శబ్దము లోనికి రాకుండ రేకులకు రబ్బరు పలకలు అంటించుచుండును. లోపల శబ్దము పుట్టుటకై క్రొత్త స్పీకర్లను, ఆంప్లిఫయరును బిగించుచుండును. ఆతడు కోరినది శబ్దమా, నిశ్శబ్దమా యని యడిగినచో ఆతడే వెంటనే ప్రత్యుత్తరము చెప్పజాలడు.

పికప్ ట్రక్కు మొదట బరువులు మోయుటకు పుట్టిన బండి. దృఢమైన యుక్కు చట్రముపైన క్యాబిను నొకదానిగను, సామాను తొట్టిని వేరొకదానిగను బిగించుట దాని నిర్మాణధర్మము. పొలములకును పశువులశాలలకును తిరిగిన ఆ బండియే క్రమముగా కుటుంబవాహనమై, ఫోర్డు వారి ఎఫ్ శ్రేణి ట్రక్కు 1977 నుండి అమెరికాలో తక్కిన ట్రక్కులన్నింటికంటె నెక్కువగా అమ్ముడుపోవుచు వచ్చినది. డల్లాసు చుట్టుపట్ల ఫ్రిస్కో, ఇర్వింగు, ప్లేనో పట్టణములలో స్థిరపడిన మన తెలుగువారిలో గూడ దానిని ముచ్చటపడి కొనువారు కలరు. డల్లాసు నుండి హ్యూస్టనునకు సుమారు 240 మైళ్ళు. కాంక్రీటు రహదారి పలకల అతుకులను చక్రములు దాటునప్పుడెల్ల వినవచ్చు తాళము, మోటు టైర్ల గాడులలో గాలి చిక్కి నలుగుటవలన పుట్టు రొద, పెద్ద ప్రక్క అద్దముల అంచున గాలి చీలునప్పటి యీల, వెనుకగోడయైన విశాలమగు రేకు కంపించి పలుకు మంద్రధ్వని, ఇవన్నియు కలసి అతివేగమున పోవు ట్రక్కులో సుమారు 65 నుండి 70 డెసిబెళ్ళ ఘోషగా పరిణమించును.

ఇట్టి చోట వీణ వినుట యెట్లు? ఈమని శంకరశాస్త్రిగారి వీణనో చిట్టిబాబుగారి వీణనో పెట్టుకొని బయలుదేరిన రసికునకు మీటు వినబడును గాని మీటు వెనుకటి అనురణనము వినబడదు. వీణకు ప్రాణము మీటులో లేదు. మీటిన పిమ్మట నాదము క్షీణించుచుండగా, తీగెను మెట్టుపై లాగి, ఆ క్షీణించు నాదముచేతనే పలికించు గమకములో నున్నది. టైర్ల రొద సరిగా ఆ గమకమునే మ్రింగివేయును. స్వరముయొక్క తుది వినవలెనని ధ్వని పెంచినచో దాని మొదలు చెవిని పొడుచును. కనుకనే అనుభవజ్ఞులైన పనివారు, ముందు ట్రక్కును నెమ్మదింపజేసి తరువాత స్పీకర్లు మార్చుమని చెప్పుదురు. ఎంత మేలైన స్పీకరైనను తన చుట్టునున్న రొదకంటె సూక్ష్మమైన దానిని వినిపింపజాలదు గదా. ఇంతవరకు లోకానుభవము. ఇక శాస్త్రమేమి చెప్పుచున్నదో చూతము.

మన ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమును తర్కమున ప్రవేశింపగోరు విద్యార్థులు నేటికిని సాధారణముగా మొదట చదువుదురు. ఆ చిన్న గ్రంథము పదార్థములు ఏడని లెక్కించి, ఏడవదానిగా అభావమును పేర్కొన్నది. ద్రవ్యము, గుణము, కర్మ మొదలగు వానితో సమానముగా లేమికి గూడ ఒక ఆసనమిచ్చుట సామాన్యమైన సాహసము కాదు. ఏది లేదో అది ఆ అభావమునకు ప్రతియోగి. ప్రతియోగి తెలియనివానికి అభావము తెలియదు. కుండ యననేమో యెరుగని శిశువు కుండ లేదని యెన్నడు ననుకొనడు. అంతియ గాదు, ఏ ఇంద్రియము దేనిని గ్రహించునో ఆ ఇంద్రియమే దాని లేమిని గూడ గ్రహించునని నైయాయికులనబడు ఈ తార్కికుల సిద్ధాంతము. కావున నిశ్శబ్దము ఊహకు తోచునది కాదు. శబ్దమువలెనే అదియు చెవికి ప్రత్యక్షము. చెవియే దానిని వినును.

ఈ సిద్ధాంతమునుండి నేను గ్రహించిన దేమనగా, నిశ్శబ్దము సామాన్యముగా ఎవ్వరికిని లభింపదు; లభించునది సర్వదా దేనియొక్కయో నిశ్శబ్దము. దీనిని గారేజిలో పరీక్షించినంత స్పష్టముగా మరెచ్చటను పరీక్షింపలేము. అన్నంభట్టే తన గ్రంథమునకు తాను వ్రాసికొన్న దీపిక యను వ్యాఖ్యలో శబ్దము మూడువిధముల పుట్టునని చెప్పినాడు. భేరికిని కోలకును తాకిడి కలుగుటవలన పుట్టునది సంయోగజము. వెదురును చీల్చునప్పుడు రెండు బద్దలు విడిపోవుటవలన పుట్టునది విభాగజము. అట్లు పుట్టిన మొదటి శబ్దము తన ప్రక్క మరియొక శబ్దమును, అది వేరొకదానిని పుట్టించుచు చెవివరకు సాగిన పరంపర శబ్దజము. కాంక్రీటు అతుకుపై చక్రము పడుట సంయోగము, అద్దపు టంచున గాలి చీలుట విభాగము, ఆ రెండును క్యాబిను లోనికి ప్రాకి వచ్చుట పరంపర. ఆధునికుల భౌతికశాస్త్రమునకును ఈ విభజనకును పొత్తు పూర్తిగా కుదరదు. శబ్దము ఆకాశగుణమను తార్కికుల మాటను వారు ఒప్పుకొనరు. అయినను చికిత్సకు మాత్రమీ విభజన చక్కగా ఉపకరించుచున్నది.

తలుపు రేకును వ్రేలి కణుపుతో కొట్టినచో ఖంగున మ్రోగును. దానిని స్పిరిటుతో తుడిచి, బ్యూటైల్ రబ్బరుపై పలుచని అల్యూమినియం పొర అతికియున్న పలకను ఆనించి, చిన్న రోలరుతో బలముగా అదిమి, మరల కొట్టినచో దబ్బుమని ఊరకుండును. రేకు కంపించునప్పుడు ఇటు రేకు, అటు అల్యూమినియం, నడుమ రబ్బరు సాగి నలుగుచుండును. ఆ నలుగుటలో కంపము వేడిగా మారును. వేడి చేతికి తెలియనంత స్వల్పము. రేకు నంతటిని కప్పనక్కర లేదు. నాల్గవవంతు కప్పినను మ్రోత చాలవరకు అడగును. ధర తక్కువయని తారుతో చేసిన పలకలు తెచ్చి అంటించినవారు టెక్సాసు వేసవిలో అవి మెత్తబడి, వాసన కొట్టి, జారిపోవుట చూచి చింతింతురు.

అయితే ఈ రబ్బరు పలక రేకుయొక్క మ్రోతకు మాత్రమే మందు. గాలి యీలకు అది యేమియు చేయజాలదు. గాలిలో సాగివచ్చు పరంపరను ఆపవలెనన్నచో దారికి అడ్డముగా బరువైన తెర వ్రేలాడవలయును. తెర బరువు రెండింత లైనప్పుడెల్ల సుమారు 6 డెసిబెళ్ళ శబ్దము తగ్గునని శాస్త్రజ్ఞుల సూత్రము. అందుకై చదరపు అడుగునకు ఒక పౌను బరువుగల వినైల్ తెరను వాడుదురు. దానిని రేకునకు నేరుగా తాకనీయక నడుమ నీరు పీల్చని ఫోము నుంచవలెను; తాకినచో రేకు కంపమే తెరకు సంక్రమించును. ఒక మూల వ్రేలెడు సందు మిగిలినను తెర యంతయు వ్యర్థప్రాయము. ఈ భేదము తెలియక, మంచి పలకలను కట్టలు కట్టలుగా కొని, క్యాబిను నంతటిని వెండిగుహవలె కప్పి, తీరా రోడ్డెక్కినపుడు ఈల ఈలగనే యుండుట విని నిరాశపడువారు పెక్కుమంది. వారి శ్రమలో లోపము లేదు, ధనములో లోపము లేదు. వారు నిశ్శబ్దమును కోరిరి గాని దాని ప్రతియోగి నడుగలేదు.

ఇచ్చట గమనింపదగిన విశేషము మరియొకటి. తలుపునకు అడుగున చిన్న రంధ్రము లుండును. కిటికీ గాజు వెంబడి లోపలికి దిగిన వాననీరు వాని గుండ వెలుపలికి పోవును. క్యాబిను వెనుకగోడలో గాలి వెడలు ద్వారము లుండును. అవి మూసినచో తలుపు వేయుటయు కష్టమగును. స్పీకరు శంకువు ముందు తరంగము వెనుక తరంగముతో కలసి మంద్రము నశింపకుండుటకై తలుపు లోపలి రేకున గల పెద్ద రంధ్రములను మూయుట ఆవశ్యకమే. కాని ఆ నీటి రంధ్రములను, గాలి ద్వారములను మాత్రము మంచి పనివాడు ముట్టడు. ఏది మూయవలెనో ఏది మూయరాదో యెరుగుటలోనే ఈ విద్య సగము కలదు.

కొన్ని క్రొత్త ట్రక్కులలో ఇంజను రొదను అణచుటకు కర్మాగారమువారే మైక్రోఫోను అమర్చి, వినబడిన మంద్రధ్వనికి సరిగా విలోమమైన ధ్వనిని స్పీకర్ల గుండ పలికించుచున్నారు. రెండు శబ్దములుండగా వినబడునది లేమి! తార్కికుడు వినినచో ఎంత యానందించునో. యజమాని సీటు క్రింద క్రొత్త సబ్‌వూఫరు నమర్చిన వెంటనే ఈ యంత్రము మృదంగపు మంద్రధ్వనికిని ఇంజను రొదకును భేద మెరుగక, సంగీతమునే శత్రువని భావించి, దానిపై విలోమధ్వని వదలును. కడకు పనివాడు ఆ మైక్రోఫోను తీగె నూడదీయవలసి వచ్చును. ప్రతియోగి నిర్ణయము యంత్రమునకు విడిచిన ఫలమిది. దీనికి విపరీతముగా, డ్రైవరునకు ఎడమప్రక్క స్పీకరు కుడిదానికంటె ఒక మీటరు దగ్గరగా నున్నచో, దాని ధ్వనిని సుమారు 3 మిల్లీసెకండ్లు ఆలస్యము చేసినంత మాత్రమున, గాయకుడు డాష్‌బోర్డు నడుమ, ఏ స్పీకరును లేని చోట, కూర్చుండి పాడుచున్నట్లు తోచును. లేనిదానిని వినుటయు, లేమిని వినుటయు ఒకే బండిలో ప్రక్కప్రక్కన నున్నవి.

ప్రభాకర మీమాంసకుడు ఈ మాటలకు సమ్మతింపడు. అభావమను వేరు పదార్థమే లేదు, కుండ లేని నేల యనగా వట్టి నేలయే, నిశ్శబ్దమైన క్యాబిను వట్టి క్యాబినే యని ఆతని పక్షము. లాఘవము ఆ పక్షమున నున్నది. అయినను అనుభవము నైయాయికుని వైపు మొగ్గుచున్నదని నా విశ్వాసము. 2023లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన ప్రయోగములలో ఈ విషయము వేరు దారిన వచ్చినది. ఒక్క దీర్ఘశబ్దము, మొత్తము కాలము సమానమే యైనను, రెండు ముక్కలైన శబ్దముకంటె నిడివిగా తోచుట ముందే తెలిసిన భ్రమ. వారు శబ్దములకు బదులు నిశ్శబ్దముల నుంచి చూచిరి. అదే భ్రమ అట్లే కలిగినది. వట్టి శూన్యమును గూర్చి చెవి భ్రమపడ నేరదు. భ్రమపడుటకైనను ఏదో యొకటి వినబడవలయును.

ఇక పరుల మాట. 40 హెర్ట్జుల మంద్రధ్వని తరంగము పొడవు సుమారు 8.6 మీటర్లు, ట్రక్కులోని తెరలు ఏవియు దానిని నిలుపజాలవు. తన చెవికి టైర్ల రొద సోకకుండ సర్వప్రయత్నములు చేసికొన్నవాడు అర్ధరాత్రమున వీధిలో పోవుచు తన సబ్‌వూఫరు ధ్వనితో ఇంటింట నిద్రించు శిశువుల కిటికీలు కదలించుట ధర్మము కాదు. ఆతని శబ్దమే పొరుగువాని నిశ్శబ్దమునకు ప్రతియోగి. అట్లే వెనుకనుండి వచ్చు అంబులెన్సు సైరను వినబడనంతగా మూసికొనుటయు నాకు సమ్మతము కాదు. ఆపన్నుల కేకకు చెవి యుండవలెనన్నది ఏ మతమునకైనను ప్రథమ నియమము.

ఇంత దూరము వచ్చిన పిమ్మట మౌనమును గూర్చి అడుగక తప్పదు. సాధకుడు కోరు నిశ్శబ్దమునకు ప్రతియోగి యేది? శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యము మూడవ అధ్యాయమున ఒక కథ చెప్పినారు. బాష్కలి బాధ్వుని సన్నిధికి పోయి బ్రహ్మము నుపదేశింపుమని యడుగగా బాధ్వుడు మిన్నకుండెను. మరల మరల అడుగగా, నేను చెప్పుచునే యున్నాను, నీకు తెలియుటలేదు, ఈ యాత్మ ఉపశాంతమని పలికెను. నిర్గుణబ్రహ్మము మాటలకందదని నిరూపించుటకు భాష్యకారు లీ కథను ఉదాహరించిరి. నేను మాత్రము ఈ కథలో బాష్కలినే యెక్కువ ఆదరముతో చూతును. శిలయు మిన్నకుండును, గోడయు మిన్నకుండును. వాని మౌనము ఎవ్వరికిని ఉపదేశము కాలేదు. బాధ్వుని మౌనము ఉపదేశమైనదన్నచో, బాష్కలి యొక మాటకై చెవి యొగ్గి యుండుటయే కారణము. ఏ మాటను ఆతడు వినగోరెనో ఆ మాటయే ఆ మౌనమునకు ప్రతియోగి. ఆతడు అడుగకుండిన యెడల గురువు నోరు మూసికొని కూర్చున్నాడని మాత్రమే అచ్చటివారికి తెలిసియుండును. ప్రశ్నయే లేని చిత్తమున నిలుచు శాంతిని గూర్చి నైయాయికుని కంటె ప్రభాకరుని మాటయే తగియుండునేమో; అచ్చట దేనిని వినగోరువాడును లేడు కావున, దేని లేమియు వినబడదు.