మనమ్మాయి, పొరుగూరి పిల్లవాడు



అరుణ మిల్లర్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. పుట్టింటి పేరు కాట్రగడ్డ. 1964లో హైదరాబాదులో పుట్టి, ఏడేళ్ల వయసులో అమెరికా చేరారు. సివిల్ ఇంజనీరింగు చదివి మేరీల్యాండ్ రాష్ట్రంలోని మాంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్లు పనిచేశారు. 2000లో ఆ దేశ పౌరసత్వం పొందారు. 2010లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 2018లో కాంగ్రెసు సీటు కోసం పార్టీ లోపలి పోటీలోనే ఓడిపోయారు. 2022లో వెస్ మూర్ గవర్నరుగానూ ఆమె లెఫ్టినెంట్ గవర్నరుగానూ ఒకే జోడీగా గెలిచారు. (అక్కడి గవర్నరు మన గవర్నరులాంటి వారు కాదు, మన ముఖ్యమంత్రిలాగా ప్రజల తీర్పుతో వచ్చి పాలించేవారు.) 2023 జనవరి 18న భగవద్గీత మీద ప్రమాణం చేశారు.

"మన తెలుగమ్మాయి" అని మనమంతా సంబరపడ్డాం. సంతోషించడంలో తప్పేమీ లేదు. కానీ ఆమె గెలుపులో మన కష్టం ఎంత? కష్టపడింది ఆమె. ఓటు వేసింది మేరీల్యాండ్ వాళ్లు. ఎక్కడో పుట్టి, వేరే మతాన్ని పాటించే మనిషి చేతికి అధికారం ఇచ్చింది వాళ్లు.

ఆ రాష్ట్రం చరిత్ర మన కతోలికులకు తెలియాలి. 1634లో దానికి పునాది వేసింది కతోలికులైన కాల్వర్ట్ కుటుంబం. ఇంగ్లండులో బాధలు పడిన తమవారికి నీడ దొరకాలన్నది వారి కోరిక. క్రైస్తవ శాఖలన్నీ ఒకరినొకరు సహించాలని 1649లో అక్కడ చట్టం చేశారు. ఆ తర్వాత కాలం తిరగబడింది. కతోలికులు పదవులు పోగొట్టుకున్నారు, 1718లో ఓటు కూడా పోయింది. తాము వేసిన పునాది మీదే పరాయివారయ్యారు. అలాంటి గడ్డ మీద గీతతో ప్రమాణం జరిగిందంటే, మధ్యలో ఎన్ని తరాల మనసులు మారి ఉండాలి!

ఇప్పుడు మన శ్రీసిటీకి రండి. 2008 తర్వాత ఇక్కడ ఫ్యాక్టరీలు వెలిశాయి. బీహారు, ఒడిశా, జార్ఖండ్ పిల్లలు వచ్చి చుట్టుపక్కల ఊళ్లలో అద్దె గదుల్లో ఉంటున్నారు. వాళ్లను మనం పేరుతో పిలుస్తామా? "హిందీవాళ్లు" అంటాం, అంతే. అద్దె మాత్రం ఒకటో తారీఖుకే కావాలి. జార్ఖండ్ నుంచి వచ్చిన కొందరు ఆదివారం పూజకు వచ్చి వెనక నిలబడి, చివరి పాట ముగియకముందే వెళ్లిపోతారు. వారిది మన విశ్వాసమే.

"వాళ్లు నాలుగు రోజులుండి పోయేవాళ్లు కదండీ" అని మీరనవచ్చు. కొందరు పోతారు, నిజమే. కానీ ఇక్కడే కాపురం పెట్టి, పిల్లల్ని మన బడిలో చేర్చినవాళ్లూ ఉన్నారు. అరుణగారికి 2000లో గానీ పౌరసత్వం రాలేదు. వీళ్లకు ఆ అవసరం కూడా లేదు, మన దేశం వాళ్లే. ఇక్కడి చిరునామాతో ఓటు నమోదు చేసుకుంటే చాలు.

రేపు వాళ్లలో ఒకరు మీ వార్డు మెంబరుగా నిలబడితే మీ ఓటు ఎవరికి? అంత దూరం వద్దు. ఈసారి విచారణ సలహామండలికి పేర్లు అడిగినప్పుడు, వెనక నిలబడే ఆ పిల్లల్లో ఒకరి పేరైనా మీకు తెలుసా?